చీమలు పట్టిన ఫైలు

ఆయన పోయిన కబురు కూడా నాకు సరిగ్గా తెరుచుకోని ఫైలుగానే వచ్చింది.

మధ్యాహ్నం ఆఫీసులో అన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. మెసేజ్ ఆయన నంబరు నుంచే. నాలుగేళ్లుగా ఆ నంబరు నుంచి పండగ శుభాకాంక్షలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. వాటికి నేను దండం పెట్టే బొమ్మ ఒకటి పంపి ఊరుకునేదాన్ని. ఈసారి ఫైలు వచ్చింది. తెరిస్తే పైన ఆయన పాస్‌పోర్టు సైజు ఫొటో, చుట్టూ పూల బోర్డరు. కింద మచ్చుకైనా తెలుగు లేదు. టోపీలు పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్న గుర్తులు, తలకిందులైన కామాలు. చదవడానికి వీలైనవి అంకెలే, ఒక తేదీ, ఒక ఇంటి నంబరు. అలాంటి బోర్డరు ఎలాంటి కార్డుకు వేస్తారో తెలుసు కాబట్టి మిగతాది అర్థమైంది. డబ్బా మూత మళ్లీ పెట్టేశాను.

పాత డీటీపీ ఫాంట్లున్న కంప్యూటర్ మా ఆఫీసులో ఒక్కటే ఉంది, మూలన, ఎవరూ వాడనిది. అందులో తెరిస్తే తెలుగు కనిపించింది. గురువారం సనత్‌నగర్‌లో వాళ్లింట్లోనే దినాలు. ఊళ్లో ఉన్న ఆయన తమ్ముడు అక్కడి షాపులో టైపు చేయించి, అన్న ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ పంపినట్టున్నాడు. కార్డు మొదటి పేజీ నిండిపోయింది. "ఇట్లు, కుటుంబ సభ్యులు" అన్న ఒక్క లైను మాత్రం రెండో పేజీలోకి జారి, అంత తెల్లకాగితం మీద ఒక్కటే ఉంది.

ఆయన చూసి ఉంటే తల పట్టుకునేవాడు. "సంతకం ఒంటరిగ పోవద్దు, రెండు లైన్లన్న తోడు పంపాలె" అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరిన మనిషి. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే నా మీద నాకే రోత పుట్టింది. ఎందుకంటే సరిగ్గా ఇలాగే, ఒక సంతకం ఒంటరిగా రెండో పేజీకి పోయినందువల్లే ఆయన దెబ్బతిన్నాడు. దాన్ని పంపింది నేను. తప్పు తన మీద వేసుకున్నది ఆయన. వేసుకుంటుంటే పక్కనే నిలబడి చూసింది కూడా నేనే. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నా ఆయన పేరు మాత్రం రాయను. ఆ పేరును ఒకసారి వాడుకున్నది చాలు.

ఆయన్ని మొదట చూసింది అమీర్‌పేటలో, ఒక కోచింగ్ సెంటర్ సెల్లార్‌లో. పై నాలుగు అంతస్తుల్లో పెద్ద పెద్ద కోర్సులు. ఆ సార్ల ఫొటోలు సందు మొదట్నుంచీ బ్యానర్ల మీద ఉండేవి. సెల్లార్‌లో ఆఫీసు ప్యాకేజీలు నేర్పే ఈయనకు బ్యానరూ లేదు, కిటికీ కూడా లేదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ముగ్గురితో ఒక గదిలో ఉంటూ, పై అంతస్తు కోర్సు రెండుసార్లు చేసి, ఉద్యోగం రాక, కనీసం ఒక కుర్చీలో కూర్చుని ఉత్తరాలు టైపు చేసే పనైనా దొరక్కపోతుందా అని కిందికి దిగినదాన్ని నేను. మా బెంచీల మీద సగం మంది అలా దిగినవాళ్లే. గోడల్లో నెమ్ము. ఆయనకు ఎప్పుడూ పొడి దగ్గు.

సన్నటి మనిషి. హాఫ్ చేతుల చొక్కా, జేబులో చేతిరుమాలు, మెడలో పసుపు, ఎరుపు పోగులు పేనిన దారానికి వేలాడే పెన్‌డ్రైవ్. మొదటి రోజు దాన్ని తాయెత్తు అనుకున్నాను. వాళ్లది మగ్గాల ఊరని, తండ్రి మగ్గం తీసేసిన రోజు మిగిలిన పోగులతో పేనుకున్న దారమని తర్వాత తెలిసింది. ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా ముందు కీబోర్డు ఎత్తి, బోర్లించి, రెండు దెబ్బలు తట్టేవాడు. రాలిన వాటిని చూసి, "ఎవలో గీడ కూసోని మిర్చీలు తిన్నరు" అని గొణుక్కునేవాడు. తర్వాత చేతిరుమాలుతో ఒక్కో మీట తుడిచేవాడు. అంతా అయ్యేదాకా పాఠం మొదలయ్యేది కాదు. మేం విసుక్కునేవాళ్లం.

మొదటి రోజే అందరి రెజ్యూమేలూ తీసుకుని, ఒక్కొక్కటే పెద్ద తెర మీద వేశాడు. ఏ ఆఫీసు ప్యాకేజీలోనైనా ఒక గుర్తు ఉంటుంది, ఇంగ్లీషు 'పి' అక్షరం వెనక్కి తిరిగి నిలబడ్డట్టు. అది నొక్కితే మనం కొట్టిన ప్రతి స్పేసూ ఒక చుక్కగా బయటపడుతుంది. నా రెజ్యూమే మీద అది నొక్కాడు. పేరుకీ ఫోన్ నంబరుకీ మధ్య, తండ్రి పేరు పక్కన, చదువు కింద, ఎక్కడ చూసినా చుక్కల బారులే.

"చూడుండ్రి, చీమలు పట్టినయి" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది.

"నీదేనా చెల్లె ఇది?"

"అవునండి."

"పేరుకు, కోలన్‌కు నడుమ ఎన్ని స్పేసులు కొట్టినవ్?"

"లెక్కపెట్టలేదండి. అన్నీ ఒక వరసలోకి వచ్చేదాకా కొట్టాను."

"నీ కంప్యూటర్ల వరుసకొచ్చినయి. గా ఆఫీసోని దగ్గర ఫాంటు వేరే ఉంటది, ప్యాకేజీ వేరే ఉంటది. ఆడ తెరిస్తె నీ ఫోన్ నంబరు పొయ్యి మీ నాయిన పేరు మీద గూసుంటది. ఇగ నిన్నెట్ల పిలుస్తడు వాడు నౌకరికి?"

ఏడుపొచ్చినంత పనైంది నాకు. రెండేళ్లుగా వందలాది ఆఫీసులకు పంపిన రెజ్యూమే అది. ఆయన నవ్వలేదు. దగ్గరికొచ్చి, నా చేత ఆ చుక్కలన్నీ తుడిపించి, వాటి చోట ట్యాబ్ కొట్టించాడు. "ఒక్కసారి కొట్టు. యాడ ఆగాల్నో దానికి చెప్పు. ఏ మిషన్ల తెరిచినా ఆడనే ఆగుతది." తెర మీద బొటనవేలి గోరు ఆనించి, పైనుంచి కిందికి గీత గీసినట్టు జరుపుకుంటూ వచ్చాడు. ఒక్క అక్షరం గోరు దాటినా ఆగి సరిచేయించాడు. "మా బాపు గిట్లనే గోరుతోని అంచు చూసేటోడు. ఒక పోగు తప్పినా ఇప్పుడే దొరకాలె, కొనేటోని ఇంట్ల కాదు" అన్నాడు. ఆ రోజు ఆయన మీద కోపంతో హాస్టల్‌కి పోయాను. ఆ రెజ్యూమేతోనే పంజాగుట్టలో ఉద్యోగం దొరికింది.

సెంటర్లో అందరూ ఆయన్ని ఫ్రీ సార్ అనేవాళ్లు. యజమాని అన్ని కంప్యూటర్లలోనూ పెద్ద కంపెనీ ప్యాకేజీకి దొంగ కాపీ ఎక్కించి పెట్టాడు. ఆయన మాత్రం తన మూల కంప్యూటర్‌లో దాన్ని ఉంచుకోలేదు. దొరికిన ఉచిత ప్యాకేజీలన్నీ అందులో దింపుకుని, క్లాసయ్యాక ఉన్న నలుగురికీ చూపించేవాడు. ఏది మంచిదని ఎవరైనా అడిగితే జవాబు చెప్పకుండా ముందు తనే అడిగేవాడు: "ఇంటికా, ఆఫీసుకా?"

ఇంటికైతే ఆయనకు పెద్ద పట్టింపు లేదు. పిల్లల ప్రాజెక్టులు, కిరాణా చీటీలు, పెళ్లి పిలుపుల లిస్టు, వాటికి ఏదైనా నడుస్తుందనేవాడు. ఆఫీసుకంటే మాత్రం కుర్చీ ముందుకి లాక్కునేవాడు. "నీకేది బాగుంటదని గాదు అడగాల్సింది. నీ ఫైలు అటు దిక్కు ఎవలు తెరుస్తరు, దేంట్ల తెరుస్తరు? అది చూసి ఎంచుకోవాలె."

ఆయన దగ్గర ఒక పరీక్ష ఫైలు ఉండేది. రెండు పేజీలు. మొదట్లో లోగో ఉన్న లెటర్‌హెడ్, ఒక పేరా తెలుగు, ఒక పేరా ఇంగ్లీషు, గళ్లు కలిపిన పట్టిక, కింద పేజీ నంబరు, చివర్న సంతకం. కొత్త ప్యాకేజీ ఏది వచ్చినా అందులో ఈ ఫైలు తెరిచి, సేవ్ చేసి, మళ్లీ ఇంకోదాంట్లో తెరిచి, గోరు పెట్టి చూసేవాడు. ప్యాకేజీల అసలు పేర్లు ఆయన నోట ఎప్పుడూ వినలేదు. మన కంప్యూటర్‌లోకే పూర్తిగా దిగేదాన్ని 'సొంతిల్లు' అనేవాడు. పాత కంప్యూటర్ల మీద అది లేచి కూర్చునేసరికి చాయ్ తాగి రావచ్చు, మెనూలు కొత్తవాళ్లకు దొరకవు. కానీ తెలుగు బాగా నిలుస్తుంది, నెట్ పోయినా పని ఆగదు, కాగితాలు మన దగ్గరే ఉంటాయి. బ్రౌజర్లో నడిచేది 'కిరాయిల్లు'. ముగ్గురు మూడు చోట్ల కూర్చుని ఒకే ఉత్తరం రాసుకోవచ్చు, సేవ్ చేయడం మర్చిపోయే బాధ లేదు. కానీ నెట్ పోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి, పైగా ఆఫీసు గుట్టంతా ఎవరి గదిలో ఉందో తెలియదు. మూడోది అచ్చం డబ్బులు పెట్టి కొన్నదానిలాగే కనిపించేది. పిల్లలకు అదే ఇష్టం. "ఇది చుట్టాలిల్లు. మర్యాదలు మస్తుంటయి. జరసేపైనంక అది కొను, ఇది కొను అని ఒకటే సతాయింపు" అనేవాడు. ఆ మాట మీద మేమెంత నవ్వేవాళ్లమో. ఈ రోజుకీ అలాంటి ప్రకటన తెర మీదికి ఎగిరినప్పుడల్లా చుట్టాలొచ్చారు అంటాను. మా ఆఫీసు పిల్లలకు అర్థం కాదు.

పట్టికల లెక్కల దగ్గర మాత్రం నిజం దాచేవాడు కాదు. పెద్ద ప్యాకేజీలో ఎవరో రాసిపెట్టిన మాక్రోలనే ఆటోమేటిక్ మంత్రాలు ఏ ఉచిత ప్యాకేజీలోనూ సరిగ్గా పనిచేయవని, అలాంటి ఫైళ్లు ఉన్న ఆఫీసైతే ఒకటో రెండో మెషీన్లకు కొనక తప్పదని చెప్పేవాడు. "ఉత్తగొస్తదని ఉరకద్దు. నేర్చుకునే ఓపిక నువ్వే పెట్టుకోవాలె" అని చెప్పి దగ్గేవాడు.

పంజాగుట్టలో నాది దంతవైద్యుల కుర్చీలు, పరికరాలు అమ్మే డీలరు ఆఫీసు. మూడో అంతస్తు. నేను చేరిన నాలుగో నెలలో కింది అంతస్తు వాళ్లకు దొంగ కాపీలు వాడుతున్నారని నోటీసు వచ్చిందన్న పుకారు పుట్టింది. మా ఎండీ గారికి ఆ రోజు నుంచీ కుదురు లేదు. మాకున్న పదకొండు కంప్యూటర్లలోనూ ఉన్నవి దొంగ కాపీలే.

"ఫ్రీగా దొరికేవి ఏవో ఉంటాయంటగా, ఏంటవి? ఏది మంచిదో చూసి చెప్పమ్మా" అన్నారు నాతో. నాకింకా ప్రొబేషన్. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి నాకు ఒక్కరే తెలుసు.

ఆయన అమీర్‌పేట నుంచి నడిచి వచ్చాడు. ఒక్క స్టేషన్‌కి మెట్రో ఎందుకన్నాడు. మెట్లెక్కుతూ ప్రతి అంతస్తులోనూ ఆగి బోర్డులు చదువుకుంటూ వచ్చాడు. మా గుమ్మంలోకి రాగానే నన్ను చూసి, "నమస్తే మేడం" అన్నాడు. నేను కంగారుపడి, "చెల్లె అనండి సార్" అన్నాను. "ఆడ చెల్లె. గీడ నీ నౌకరి ఉంది గదా" అని నెమ్మదిగా అని, మళ్లీ పైకి "మేడం" అన్నాడు.

మూడు రోజులు వచ్చాడు. మాకున్న ఫైళ్లలో అన్నిటికంటే పాతదీ, అందవికారమైనదీ ఇమ్మని అడిగాడు. కొటేషన్ ఫైలు ఇచ్చాను. ఏడేళ్లుగా ఒకదాని మీద ఒకటి అతికించుకుంటూ పోయిన ఫైలది. ఆ గుర్తు నొక్కి చూసి, "మేడం, ఇది చీమల పుట్టే" అన్నాడు. తర్వాత ఒక కాగితం రాసిచ్చాడు. తొమ్మిది కంప్యూటర్లకు సొంతిల్లు. అకౌంట్స్ వాళ్ల రెండింటికి కొన్నదే. ఊళ్లు తిరిగే సేల్స్ వాళ్లు ఒకే లిస్టు చూసుకోవడానికి మాత్రం కిరాయిల్లు. ఆ మాటలే రాశాడు, ఎండీ గారు చదివి నవ్వారు, ఒప్పుకున్నారు. అన్ని ఉత్తరాలకూ కొత్త టెంప్లేట్లు ఆయనే చేశాడు. సంతకం పక్కకు జరగకుండా, పైనున్న రెండు లైన్లను వదిలి పోకుండా కట్టేశాడు. వెళ్లే ముందు నా మానిటర్ అంచున ఒక పసుపు చీటీ అంటించాడు: "మార్చేటోనికి ఫైలు, చూసేటోనికి పీడీఎఫ్. సంతకం పడ్డంక ఫైలు ఎవ్వలికియ్యద్దు."

"మీ ఎండీ సారుకు నచ్చితే ఈ కాంప్లెక్స్‌ల వాళ్లకు చెప్తనన్నడు" అన్నాడు నాతో, మెట్ల దగ్గర. "పదహారు బోర్డులున్నయి మేడం, లెక్కపెట్టిన. నెలకొక్కటి వచ్చినా గా సెల్లార్‌ల నుంచి బయట పడ్త. డాక్టరు సుత అదే అంటుండు, నెమ్ముల ఉండకు అని." అంత మాట ఆయన తన గురించి చెప్పుకోవడం నేను వినడం అదొక్కసారే.

నెల తిరగలేదు. మా అమ్మకాల లైసెన్సు రెన్యువల్ దరఖాస్తు ఖైరతాబాద్‌లోని ఒక ప్రభుత్వ ఆఫీసుకు పంపాలి. ఆఖరి రోజు, సాయంత్రం నాలుగు దాటింది. అంతా తయారయ్యాక ఎండీ గారు తన హోదా మార్చి రాయమన్నారు. మార్చాను. మాట పొడుగైంది, స్కాన్ చేసి పెట్టిన సంతకం ఎడమ పక్కకు వచ్చేసింది. ఫ్రీ సార్ కట్టిన ముడి ఎలా విప్పి మళ్లీ కట్టాలో నాకు తెలుసు, ఐదు నిమిషాల పని. కానీ పక్కనే ఎండీ గారు నిలబడి గడియారం చూసుకుంటున్నారు. బొటనవేలు స్పేస్ బార్ మీదికి దానంతటదే పోయింది. కొట్టాను, కొట్టాను, సంతకం కుడివైపుకు వచ్చేదాకా కొట్టాను. కిందికి దించడానికి ఎంటర్ ఐదుసార్లు కొట్టాను. నా తెర మీద చక్కగా ఉంది. పీడీఎఫ్ చేసి పంపాను. ఐదు నిమిషాల్లో అక్కడి గుమాస్తా ఫోన్ చేశాడు.

"పీడీఎఫ్ వద్దమ్మా, మేం దానిమీద నంబర్ వేసుకోవాలె. వర్డ్ ఫైల్ పంపు. జల్ది."

పసుపు చీటీ నా కళ్ల ముందే ఉంది. చూస్తూనే ఫైలు పంపాను.

మూడు వారాలకు దరఖాస్తు తిరిగొచ్చింది. అక్కడి కంప్యూటర్‌లో తెరుచుకున్నప్పుడు లైన్లు జరిగి, సంతకం ఒక్కటే రెండో పేజీకి పోయింది. వాళ్లు మొదటి పేజీ మాత్రమే ఫైలులో పెట్టుకుని, సంతకం లేని దరఖాస్తు అని కొట్టేశారు. రెండు నెలలు కొత్త కుర్చీ ఒక్కటీ అమ్మడానికి లేకుండా పోయింది. ఒక ఆసుపత్రి ఆర్డరు చేజారింది.

"ఏంటిది? ఎలా జరిగింది?" అని ఎండీ గారు కాగితాలు నా ముందు పడేశారు.

"ప్యాకేజీ మారాక అలైన్‌మెంట్ కదులుతోందండీ" అన్నాను. పూర్తి అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. హాస్టల్ గది గుర్తొచ్చింది, మళ్లీ ఆ సెల్లార్ మెట్లు గుర్తొచ్చాయి.

మర్నాడు ఆయన్ని పిలిపించారు. పరుగున వచ్చినట్టున్నాడు, చొక్కా వీపున తడిసింది. అంత కోపంగా ఉన్న ఎండీ గారి ఎదుట కూడా, నా కుర్చీలో కూర్చుని ముందు కీబోర్డు బోర్లించి తట్టాడు, తుడిచాడు. తర్వాత ఆ ఫైలు తెరిచాడు. ఎండీ గారు కిటికీ దగ్గర నిలబడి ఫ్రీ సరుకు గురించి ఏదేదో అంటున్నారు. నేను ఆయన కుర్చీ వెనకే ఉన్నాను. ఆయన ఆ గుర్తు నొక్కాడు.

సంతకం ముందు పొడుగ్గా చుక్కల బారు. పైన ఐదు ఖాళీ లైన్ల గుర్తులు.

బొటనవేలి గోరు తెర మీద పెట్టి, ఆ బారు వెంబడి మెల్లగా చివరిదాకా జరిపాడు. నా వైపు తిరగలేదు. ఆయన మళ్లీ గుర్తు నొక్కాడు. చుక్కలు మాయమయ్యాయి. లేచి నిలబడ్డాడు.

"నాదే సార్ తప్పు. టెంప్లేట్ల నేనే సరిగ్గ కట్టలే."

"మీ మాట నమ్మి తొమ్మిది సిస్టమ్స్ మార్చాను. ఇక మీరు రాకండి" అన్నారు ఎండీ గారు. కాంప్లెక్స్‌లో వాళ్లకు చెప్పడం అటుంచి, అడిగినవాళ్లకు కూడా వద్దనే చెప్పారు. ఆ సంగతి నాకు తెలుసు, ఆ ఫోన్లు నా టేబుల్ మీదుగానే పోయేవి.

ఆ రోజు మెట్ల దాకా వెంట వెళ్లాను. చెప్పాలని వెళ్లాను. ఆయన పెన్‌డ్రైవ్ దారం చొక్కాలోకి దోపుకుంటూ, "గా గుమాస్తా అడిగినా సరే, ఇగనుంచి పీడీఎఫే పంపుండ్రి మేడం" అన్నాడు. అంతే. బోర్డుల వైపు చూడకుండా దిగిపోయాడు. నేను పైకి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. ప్రొబేషన్ అయిపోయింది, జీతం పెరిగింది, ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఎండీ గారి కోపం నెలకు చల్లారింది. ప్యాకేజీలు వెనక్కి మార్చడానికి ఓపిక ఎవరికుంది? ఆ తొమ్మిది కంప్యూటర్లలో ఈ రోజుకీ అదే సొంతిల్లు. ఉత్తరాలన్నీ ఇప్పటికీ ఆయన చేసిన టెంప్లేట్లలోనే పోతాయి. ఏ ఉత్తరం వివరాలు తెరిచి చూసినా తయారుచేసినవారు అన్న చోట ఆయన పేరే ఉంటుంది. దాన్ని చూడాల్సి వస్తుందని నేను ఆ పేజీ తెరవడమే మానేశాను.

అమీర్‌పేట సందులో నాలుగేళ్లలో ఎన్నిసార్లు నడిచానో. సెల్లార్ మెట్ల ముందుకు రాగానే ఫోన్ చెవికి ఆనించుకునేదాన్ని. లోపల్నుంచి దగ్గు వినబడేది. రేపు చెబుదాం అనుకునేదాన్ని. అలసిపోయి ఉన్నాను, ఈ పూట కాదు అనుకునేదాన్ని. ఇలాంటి అలసటకు నాలుగేళ్లు ఏపాటి.

గురువారం సనత్‌నగర్ వెళ్లాను. వర్క్‌షాపుల వెనక సందులో చిన్న ఇల్లు, ముందు గదిలో జిరాక్స్ మెషీన్, ఒక కంప్యూటర్, టైపింగ్ చేయబడును అన్న బోర్డు. ఆ గదిలోనే ఆయన ఫొటో పెట్టారు. దండ పక్కన ఆ పసుపు, ఎరుపు దారం, పెన్‌డ్రైవ్. ఆ షాపు నడిపేది ఆయన భార్య. ఆమెను ఒక్కసారీ చూడలేదు నేను. బంధువులకు విస్తళ్లు పరుస్తోంది. వెళ్లి నా పేరు, ఆఫీసు చెప్పాను. చేతిలో పని ఆపి నన్ను తేరిపార చూసింది.

"పంజాగుట్ట మేడమా?"

"అవునక్కా. అక్కా, మీతో ఒక మాట చెప్పాలి. ఆ రోజు మా ఆఫీసులో ఫైలు పాడైంది సార్ వల్ల కాదు. నా వల్ల. నేనే పాడుచేశాను. సార్ తన మీద వేసుకున్నారు. నేను నోరు మూసుకుని ఉన్నాను."

ఆమె ముఖంలో ఏమీ మారలేదు. చేతిలో మిగిలిన విస్తళ్లు సమంగా సర్దుకుంది.

"తెల్సమ్మా" అంది. "ఆ దినం ఫైలు పెన్‌డ్రైవ్‌ల ఏసుకొచ్చిండు. గీ మిషన్ల నేనే తెరిచిన. తప్పు నాదే అని నాతోని సుత అదే చెప్పిండు. ఇరవై ఏండ్లు ఆయన పక్కన గూసొని టైప్ చేసిన. ఆయన ఫైల్ల చీమలుంటయా?"

నేను ఆ ఫొటో వైపు చూడలేకపోయాను.

"నాకు మస్తు కోపమొచ్చింది. పోయి అడుగుదం పా అన్న. వద్దన్నడు. పిల్ల భయపడ్డది, ఆమెనే వస్తది, జర ఆగు అన్నడు." ఆమె బంతిలో నాకు చోటు చూపించి, నా ముందు విస్తరి వేసింది. "గీ నాలుగేండ్లు షాపు ముంగట ఎవలన్న ఆడపిల్ల ఆగితే, జిరాక్స్‌కు వచ్చినా సరే, లేచి చూసేటోడు."